తేనెటీగ లార్వా (పిల్ల పురుగు) నుంచి తీసిన హీమోలింఫ్ (దాని రక్తంలాంటి రసం) నల్లబడిపోతోంది, ఏం చేయాలి?

మైనపుగది
నిన్న సాయంత్రం 40 లార్వాలు గుచ్చాను. ఇటాలియన్ తేనెటీగవే, మైనపు గదికి మూత పడటానికి ఒక్కరోజు ముందువి, బాగా బలిసినవి. సీనియర్ అక్క చూపించినట్టే ఇన్సులిన్ సూదితో పొడిచి, బయటికొచ్చిన చుక్కని పిపెట్‌తో లాగి ట్యూబుల్లో వేశా. తీసినప్పుడు లేత గడ్డిరంగులో ముద్దుగా ఉంది. నలభయ్యోదాని దగ్గరికొచ్చేసరికి మొదటి పది ట్యూబులు టీ డికాషన్ అయ్యాయి. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున చూస్తే సిరా. ఓ పన్నెండు ట్యూబుల్లో పసుప్పచ్చ ముద్ద, ఇంకొన్నిట్లో విరిగిన పాలలా తెల్ల తునకలు. పనికొచ్చేవి ఏడో ఎనిమిదో మిగిలాయి. సోమవారం మా గైడుకి చూపించాలి. ఎక్కడ చెడగొడుతున్నానో చెప్పి పుణ్యం కట్టుకోండి.

పిపెట్_పంతులు
మూడు రంగులు, మూడు తప్పులు. పసుపు అంటే పేగు చిల్లు పడింది. తెలుపు అంటే కొవ్వు కణజాలం పిండేశావు. నలుపు అంటే ఆలస్యం. నలుపుకి మందు ఫినైల్ థయోయూరియా. ట్యూబులో ముందే వేసి పెట్టుకో, గొడవ వదిలిపోతుంది.

కల్లుముంత
పంతులుగారు పొద్దున్నే వైవా మొదలెట్టారు 😂

ల్యాబ్_లచ్చిమి
"ముందే వేసి పెట్టుకో" అని ఉప్పు వేసినంత తేలిగ్గా చెప్తున్నారు. అది మనిషికీ విషమే. గ్లవ్స్, మాస్కు లేకుండా ఆ పొడి తూచకు తల్లీ. నీళ్లలో ఓ పట్టాన కరగదు కూడా. మా దగ్గర బఫర్‌లో కలిపి, కరగని గింజలు అడుగున వదిలేసి, పైన తేట మాత్రం వాడతాం.

మైనపుగది
ఫినైల్ థయోయూరియా మా ల్యాబులో ఉంది లచ్చిమక్కా. ఒక ట్యూబుకి ఎంత?

జుంటితేనె
ఎంత అన్నది తర్వాత చూద్దాం. ముందు చెయ్యి కుదరాలి. నేను జర్మనీలో ఉంటాను, ఎండాకాలం మూడు నెలలూ నాకు ఇదే పని, కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నా.

ఫ్రేము పెట్టెలోంచి తీశాక తడిబట్ట కప్పి తీసుకురా. వాటికి అలవాటైన వేడి 34, 35 డిగ్రీలు. ఇంక్యుబేటర్ లేకపోతే కనీసం ఏసీ గాలి తగలనియ్యకు. లార్వాని గదిలోంచి తీసేటప్పుడే సగం చెడిపోతుంది. దాని తోలు తడిసిన పేపరు కన్నా పలచన. ఫోర్సెప్స్ కొనతో పట్టి లాగావో, నువ్వు గుచ్చకముందే ఎక్కడో కారిపోతుంటుంది. గది గోడలు కత్తిరించి, కింద నుంచి గ్రాఫ్టింగ్ సూది పోనిచ్చి ఎత్తు. ఏ మాత్రం గీసుకుపోయినా దాన్ని పక్కన పెట్టెయ్.

తర్వాత కడగాలి. ఇది చాలామంది చెయ్యరు. లార్వా పడుకునేది తన తిండిలోనే. ఒంటికి అంటుకున్న ఆ తిండి చుక్కలో కలిస్తే, ప్రొటీన్లని బరువు ప్రకారం విడదీసే జెల్ మీద 55 కిలోడాల్టన్ల పైచిలుకు దగ్గర మంచి లావుపాటి పట్టీ వస్తుంది. అది రాయల్ జెల్లీ ప్రొటీన్. మా బ్యాచ్‌మేట్ ఒకడు దాన్ని చూసి కొత్త ప్రొటీన్ కనిపెట్టానని రెండు వారాలు ఎగిరాడు. సెలైన్‌లో రెండుసార్లు ముంచి, టిష్యూ మీద దొర్లించి ఆరబెట్టు.

ఇక గుచ్చడం. లార్వా సగం చక్రంలా ముడుచుకుంటుంది కదా, బయటి వంపు వీపు. అక్కడ మధ్యగీత వెంట తోలు కిందే గుండెగొట్టం ఉంటుంది. సూదిని నిలువుగా దించకు, దాదాపు పడుకోబెట్టి తోలు వరకే తెగేలా గీకు. లోపలి ఒత్తిడికి చుక్క తనంతట తనే ఉబికి వస్తుంది. దానికి గాజు కాపిలరీ తాకిస్తే అదే పీల్చుకుంటుంది. పిపెట్‌తో లాగితే బుడగలు, బుడగల వెనక కొవ్వు.

అన్నిటికన్నా ముఖ్యం, పిండొద్దు. 150 మిల్లీగ్రాముల లార్వాలో దాదాపు పావు వంతు ఈ రసమే అంటారు. అంతా నాకే కావాలనుకుంటే తెల్ల తునకలే మిగుల్తాయి. దాని ఒంట్లో సింహభాగం కొవ్వు కణజాలమే మరి. మొదటి చుక్క, పదో పదిహేనో మైక్రోలీటర్లు, అక్కడితో ఆపు.

కల్లుముంత
జుంటితేనె అక్క చెప్పింది చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు. తాటిచెట్టు గెల కూడా అంతే. పలచగా చెక్కాలి, లోతుగా కోస్తే గెల చచ్చిపోతుంది. కుండ కట్టి ఊరుకోవాలి, కారేది అదే కారుతుంది.

పిపెట్_పంతులు
అయితే ఫినైల్ థయోయూరియా కుండకి పూసే సున్నం అన్నమాట. సున్నం రాస్తే నీరా, రాయకపోతే కల్లు.

కల్లుముంత
పంతులుగారికి ఈ సబ్జెక్టులో అనుభవం బానే ఉన్నట్టుంది.

మైనపుగది
అక్కా, మీరు చెప్పినవాటిలో కడగడం అసలు చెయ్యలేదు. సూది నిలువుగానే దించా. పిండా కూడా, సిగ్గేస్తోంది. ఒక్క అనుమానం. పేగు అంత పెద్దదా? పైపైనే పొడిచాననుకున్నవాటిలో కూడా పసుపు వచ్చింది.

జుంటితేనె
పెద్దదే. పైగా అది అడుగు మూసిన సంచి. లార్వా తిన్నన్నాళ్లూ మధ్యపేగుకీ వెనక పేగుకీ దారి ఉండదు. మూత పడ్డాక, తిండి మానేశాకే ఒక్కసారి విసర్జిస్తుంది. నువ్వు గుచ్చింది దానికి ముందురోజు. అంటే గుడ్డులోంచి బయటపడిన దగ్గర్నుంచి తిన్నదాంట్లో అరగనిదంతా, చివర్లో పెట్టిన పుప్పొడితో సహా, లోపలే మూట కట్టి ఉంది.

గడ్డపార_గోపి
అయితే మూత పడి, కడుపు ఖాళీ చేసుకున్నాక గుచ్చితే సరిపోయేదానికి ఇంత రచ్చ ఎందుకు?

జుంటితేనె
గుచ్చొచ్చు, శుభ్రంగా వస్తుంది కూడా. కానీ అప్పటికి అది వేరే జీవి గోపీ. హార్మోన్లు మారతాయి, ప్యూపాగా మారడానికి దాచుకున్న నిల్వ ప్రొటీన్లు రసం నిండా ఉంటాయి. తింటున్న లార్వాతో దాన్ని పోల్చలేవు. ఏ దశ ఎంచుకుంటే మొదటి నుంచి చివరిదాకా అదే దశ.

పెట్టెలోడు
నేను సదువుకున్నోణ్ణి కాదు, పెట్టెలు పెట్టుకుని పొద్దుతిరుగుడు ఎనకాల తిరిగేటోణ్ణి. ఒక్కటి అడుగుతా. నలభై పిల్లల్ని సంపినావు గదమ్మా, ఆటిని పెంచడానికి ఆ దాది ఈగలు ఎంత కష్టపడుంటాయి?

మైనపుగది
అవునన్నా, నాకూ బాధగానే ఉంది. అందుకే ఇంకోసారి చెడగొట్టకూడదని అడుగుతున్నా.

పెట్టెలోడు
బాధపడమని కాదు. పోతుటీగల పిల్లల్ని మేం ఎలాగూ కోసి పారేస్తాం, ఈగల్ని పట్టి పీడించే వర్రోవా పురుగు వాటిలోనే ఎక్కువ చేరుద్ది కాబట్టి. ఆ ముక్కలు నీకు కావాలంటే ఎన్నైనా ఇస్తా. ఒక్కోటి కూలీ ఈగ పిల్లకి రెట్టింపు ఉంటది. చెయ్యి అలవాటు చేసుకోడానికి పనికిరావూ?

ల్యాబ్_లచ్చిమి
ఇది బంగారం లాంటి సలహా. ప్రాక్టీసంతా పోతుటీగ లార్వాల మీద చెయ్యి. అసలు శాంపిల్స్ మాత్రం కూలీ ఈగలవే తియ్యి, రెండూ కలపొద్దు. పోతుటీగకి తండ్రి ఉండడు, క్రోమోజోములే సగం.

కల్లుముంత
తండ్రి ఉండడు గానీ తాత ఉంటాడు. సెమిస్టర్ పరీక్షలో రెండు మార్కులు.

పెట్టెలోడు
తాత సంగతేమో గానీ, వర్రోవా ఈ రసమే తాగుద్దని మాకు ట్రైనింగులో చెప్పారు. నిజమేనా?

పిపెట్_పంతులు
ఏళ్ల తరబడి అందరం అలాగే చెప్పుకున్నాం. 2019లో, పెద్ద ఈగల మీద అది తినేది కొవ్వు కణజాలాన్ని అని ఒక పరిశోధన వచ్చి పాఠ్యపుస్తకాలన్నీ దిద్దుకునే పరిస్థితి తెచ్చింది. తర్వాత 2024లో ఇంకో బృందం, ప్యూపా మీద ఉన్నప్పుడు మాత్రం ఎక్కువగా రసమే తాగుతుందని చూపించింది. మీ ట్రైనింగు సగం కరెక్టు.

పెట్టెలోడు
ఇంకొకటి. మా మామ ఏజెన్సీలో పుట్ట తేనెటీగల్ని పెంచుతాడు. పోయిన సంవత్సరం ఆయన పెట్టెల్లో పిల్లలు గదిలోనే తల పైకెత్తి బిర్రబిగుసుకుని సచ్చిపోయినై. సిమటాతో ఎత్తితే నీళ్ల సంచిలా యేలాడింది. ఆ నీళ్లు మీరు సెప్పే రసమేనా? టెస్టుకి అదే పంపొచ్చా?

జుంటితేనె
అన్నా, మీరు చెప్పిన లక్షణాలు శాక్‌బ్రూడ్ వైరస్‌వి. పుట్ట తేనెటీగకి వచ్చే థాయ్ శాక్‌బ్రూడ్ అయితే మరీ మొండిది. 1991, 92 ప్రాంతంలో దక్షిణాదిలో పుట్ట తేనెటీగల్ని ఊళ్లకి ఊళ్లు ఊడ్చేసింది. ఆ సంచిలో నీళ్లు మాత్రం హీమోలింఫ్ కాదు. లార్వా చివరి కుబుసం విడవలేక చచ్చిపోతుంది. పాత తోలుకీ కొత్త తోలుకీ మధ్య చేరిన కుబుసపు ద్రవం అది. దాన్నిండా వైరసే. టెస్టుకి నీళ్లొక్కటే కాకుండా లార్వా మొత్తాన్ని, చల్లగా ఉంచి పంపండి. ఆర్‌టీ పీసీఆర్‌కి అదే మేలు. దీనికి మందు లేదు, ఎవరైనా మందని అమ్మితే కొనొద్దు. జబ్బు పిల్లలున్న పట్టు తీసేసి, కొన్నాళ్లు రాణి గుడ్లు పెట్టకుండా ఆపి, వీలైతే రాణిని మార్చమనండి.

పెట్టెలోడు
మందని ఆల్రెడీ కొన్నాడు. పసుపు రంగు పొడి. ఎవడమ్మాడో సెప్పడు.

గడ్డపార_గోపి
అసలు సంగతికి వద్దాం. గాజు కాపిలరీలు మా ఊళ్లో సైంటిఫిక్ షాపులో లేవు. రక్తపరీక్షల ల్యాబులో వాడే సన్న గొట్టాలు తెచ్చి వాడా, చక్కగా పీల్చాయి. డబ్బా చవకే.

ల్యాబ్_లచ్చిమి
ఎర్ర గీతవా, నీలం గీతవా?

గడ్డపార_గోపి
గీతలు కూడా చూస్తారా? ఎర్రవి అనుకుంటా.

ల్యాబ్_లచ్చిమి
చచ్చాం. ఎర్ర గీత ఉంటే లోపల హెపారిన్ పూత ఉంటుంది. అది మనిషి రక్తం గడ్డకట్టకుండా వేసేది, ఈగ రసం నల్లబడటాన్ని ఆపదు. పైగా తర్వాత పీసీఆర్ చేస్తే హెపారిన్ అడ్డం పడుతుంది. నీలం గీతవి ఉత్త గాజు, అవి తీసుకో.

గడ్డపార_గోపి
నా పీసీఆర్ మూడు నెలలుగా పనిచెయ్యడం లేదు. ప్రైమర్లు రెండుసార్లు మార్చా. కిట్టు మార్చా. గైడు మెషీన్‌నే అనుమానించాడు. గీత!!

కల్లుముంత
గోపి తలరాతని మార్చిన గీత.

పిపెట్_పంతులు
కాపిలరీ ఏదైనా స్పిరిట్ ల్యాంప్ మీద వేడి చేసి లాగితే కొన సూదిలా వస్తుంది. గుచ్చడం, పీల్చడం రెండూ దాంతోనే అయిపోతాయి. కొన విరిగి లార్వాలో ఉండిపోకుండా చూసుకోవాలి. పది లాగితే మూడు బాగుంటాయి, మిగతావి చెత్తబుట్టకి.

సగంఉడికినపప్పు
మా సీనియర్లు సెంట్రిఫ్యూజ్ పద్ధతి చెప్పారు. చిన్న ట్యూబు అడుగున సూదితో చిల్లు పెట్టి, గుచ్చిన లార్వాల్ని అందులో వేసి, పెద్ద ట్యూబులో కూర్చోబెట్టి తిప్పడమే. అర నిమిషంలో ఇరవై లార్వాల రసం దిగిపోతుంది. ఒక్కోదాన్నీ పట్టుకుని ఇంత పూజ ఎందుకు?

జుంటితేనె
పెద్ద ఈగలకైతే కొంతవరకు సరే. లార్వా మెత్తటిది పప్పూ, తిప్పితే కొవ్వూ పేగూ కలిసి జారిపోతాయి. అది హీమోలింఫ్ కాదు, లార్వా పచ్చడి.

రెండో_రివ్యూయర్
పైగా ఇరవై లార్వాలు కలిపి ఒక ట్యూబు చేస్తే మీ దగ్గరున్నది ఒక శాంపిల్, ఇరవై కాదు. థీసిస్‌లో మాత్రం అందరూ ఇరవై అని రాస్తారు. ఇంకా చెప్పాలంటే ఒకే పెట్టెలోంచి తీసిన నలభై కూడా నలభై కాదు. అన్నీ ఒకే రాణి పిల్లలు. మైనపుగది గారూ, ఎన్ని పెట్టెల నుంచి తీశారు?

మైనపుగది
ఒక్క పెట్టె సార్.

రెండో_రివ్యూయర్
ఊహించాను.

సగంఉడికినపప్పు
సార్ పేరుకి తగ్గట్టే ఉన్నారు. అందరికీ పది పెట్టెలు ఎక్కడ దొరుకుతాయి? మా కాలేజీలో ఉన్నవే రెండు, ఒకదాన్ని పోయిన నెల చీమలు తినేశాయి.

రెండో_రివ్యూయర్
పెట్టెలు లేకపోవడం తప్పు కాదు. ఉన్న ఒక్కదాన్ని నలభైగా చూపించడం తప్పు. ఇంకో ప్రశ్న. లార్వాల వయసు ఎలా తెలిసింది? చూసి అంచనా వేశారా?

మైనపుగది
గది నిండా ఉన్నవి చూసి తీశా సార్.

పెట్టెలోడు
చూపుతో కుదరదమ్మా. రాణిని ఖాళీ పట్టు మీద జాలీ పెట్టి ఒక పగలూ రాత్రీ బంధించు. తర్వాత వదిలేసి, ఆ పట్టు మీద తారీకు రాసుకో. మూడు రోజులకి గుడ్లు పగుల్తాయి. అక్కడ్నుంచి లెక్క తప్పదు. మేం రాణుల్ని తయారుచేసేటప్పుడు అలాగే చేస్తాం.

రెండో_రివ్యూయర్
ఈ చర్చలో సరైన ప్రయోగ పద్ధతి తెలిసిన మనిషి ఒక్క పెట్టెలోడు గారే.

మైనపుగది
అన్నీ రాసుకుంటున్నా. రేపు పెట్టెలోడన్న చెప్పినట్టు పోతుటీగ పిల్లల మీద ప్రాక్టీసు. ట్యూబుల్లో ఫినైల్ థయోయూరియా కూడా వేసి పెట్టుకున్నా. నల్లబడకపోతే ఆదివారమే ఫినాల్ ఆక్సిడేజ్ కొలిచేస్తా, సోమవారానికి అంకెలు రెడీ.

పిపెట్_పంతులు
ఆగు. ఏం కొలుస్తావు?

మైనపుగది
ఫినాల్ ఆక్సిడేజ్ సార్. పురుగుమందు తగిలిన లార్వాల్లో రోగనిరోధకత తగ్గుతుందా అన్నది నా టాపిక్.

పిపెట్_పంతులు
ఇన్ని పోస్టులయ్యాక చెప్తావా!! రసాన్ని నల్లబరిచేది ఆ ఎంజైమే, ఫినైల్ థయోయూరియా చేసే పనే దాన్ని ఆపడం. అది వేశాక కొలిస్తే అన్నిట్లోనూ సున్నా వస్తుంది. పురుగుమందు వల్ల రోగనిరోధకత మొత్తం పోయిందని థీసిస్ రాసేదానివి.

కల్లుముంత
కల్లు ఎంత పులిసిందో చూద్దామని కుండకి సున్నం రాసింది మా చెల్లి.

ల్యాబ్_లచ్చిమి
నవ్వకండి, తప్పు మనది కూడా. దేనికోసమని ఒక్కరం అడగలేదు. నేనైతే ఎలా తూచాలో కూడా చెప్పా.

మైనపుగది
నాకు ఏడుపొస్తోంది. ఇప్పుడెలా మరి? వేస్తే ఎంజైము ఆగిపోతుంది, వెయ్యకపోతే నల్లబడిపోతుంది.

జుంటితేనె
ఏడవకు, నల్లబడటమే నువ్వు కొలవాల్సింది. అది ట్యూబులో ముందే జరిగిపోకుండా, ప్లేటులో నీ కళ్లముందు జరగాలి, అంతే. మందుతో కాదు, చలితో ఆపు. ట్యూబులో ముందే చల్లటి ఫాస్ఫేట్ బఫర్ పోసి ఐసులో గుచ్చి ఉంచు. లార్వా నుంచి చుక్క, చుక్క నుంచి బఫర్, మూత, వెంటనే గడ్డకట్టించు. ద్రవ నత్రజని ఉంటే అందులో, లేకపోతే ఆల్కహాల్‌లో వేసిన డ్రై ఐస్‌లో. తర్వాత మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో. నలభై ఒకేసారి వరసపెట్టి గుచ్చకు. ఐదు గుచ్చు, ఐదూ గడ్డకట్టించు, మళ్లీ ఐదు. నిన్న నీ మొదటి ట్యూబు ఎంతసేపు బయట ఉందో లెక్కేసుకో.

మైనపుగది
గంటన్నర. మూతలు తీసే.

జుంటితేనె
అదీ సంగతి. కొలిచే రోజు ఐసు మీదే కరిగించి, ఆ ఎంజైము తగిలితే రంగు మారే ఎల్-డోపా కలిపి, 490 నానోమీటర్ల దగ్గర నిమిషనిమిషానికీ చదువు. లార్వాలో ఈ ఎంజైము పెద్ద ఈగల్లో కన్నా బాగా తక్కువ, కాబట్టి గ్రాఫు గీత నెమ్మదిగా లేస్తుంది, కంగారుపడకు. ప్లేటులో రసం లేకుండా ఉత్త బఫరూ ఎల్-డోపా ఉన్న గదులు తప్పనిసరి, ఎందుకంటే ఎల్-డోపా గాలికి తనంతట తనే కూడా రంగు మారుతుంది. నీ ఫినైల్ థయోయూరియా కూడా వృథా కాదు. కొన్ని గదుల్లో రసంతో పాటు అది వెయ్యి. అక్కడ రంగు రాకపోతే మిగతా గదుల్లో వచ్చింది ఎంజైము పనే అని రుజువు.

రెండో_రివ్యూయర్
ప్రతి శాంపిల్లో మొత్తం ప్రొటీన్ కూడా కొలిచి దానితో భాగించండి. లేకపోతే ఎక్కువ చుక్క పడిన ట్యూబుకే రోగనిరోధకత ఎక్కువ అని తేలుతుంది.

సగంఉడికినపప్పు
నాకు రక్తకణాలు లెక్కపెట్టాలి. నేనూ ఇలాగే గడ్డకట్టించొచ్చా?

ల్యాబ్_లచ్చిమి
వద్దు! గడ్డకడితే కణాలు పగిలిపోతాయి, లెక్కపెట్టడానికి ఏం మిగలవు. నువ్వు అప్పటికప్పుడు, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పకుండా, న్యూబావర్ గదిలో (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజుపలక) వేసి మైక్రోస్కోపు కింద చూసుకోవాలి. నీకైతే ఫినైల్ థయోయూరియా ఫర్వాలేదు.

గడ్డపార_గోపి
ఒకరికి విషం, ఒకరికి ప్రసాదం. ఇవాళ నీలం గీత డబ్బా తెచ్చా.

మైనపుగది
ఆదివారం రాత్రి అప్‌డేట్. పెట్టెలోడన్న పంపిన పోతుటీగ పట్టు మీద ముప్ఫై దాకా పాడుచేశాక చెయ్యి కుదిరింది. కూలీ ఈగల లార్వాలు పదిహేను తీశా, పసుపు రెండిట్లోనే వచ్చింది, నలుపు ఒక్కదాంట్లోనూ లేదు. డ్రై ఐస్ దొరకలేదు. ఐసులో ఉప్పు కలిపి అందులో ముంచా, గట్టిపడ్డాయి. గైడుకి ఫోన్ చేసి అంకెలు సోమవారం ఇవ్వలేనని చెప్పేశా. ఎన్ని పెట్టెలు అని అడిగారు. ఒకటి అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు.

రెండో_రివ్యూయర్
ఆ గైడు నేను కాదు. ముందే చెప్తున్నా.

పెట్టెలోడు
ఇంకో మూడు పెట్టెలు నాయి వాడుకో. రాణుల్ని బంధించడానికి బుధవారం పొద్దున్నే రా, ఎండెక్కితే ఈగలు చిరాకుపడతై. వచ్చేటప్పుడు అత్తరూ సెంటూ రాసుకోమాక.